సుళువు పని

పోయిన వారం ఖుర్షిదాను మనం గురవమ్మగారి పత్తి చేలో వదిలేసి వచ్చాం. వదలకూడని చోట వదిలామని నాకూ తెలుసు. వేపచెట్టు కింద పురుగుమందు కలిపే డ్రమ్మును ఆవిడ రెండు చేతులా పట్టి ఒక్క తోపు తోసింది. తెల్లటి మందునీళ్ళు బోదె వెంట పారాయి. వీపున పంపులు తగిలించుకున్న మగాళ్ళు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. డ్రమ్ము పక్కన కర్రతో మందు కలుపుతూ కూర్చున్న కోడలు నగ్మా, ఆరో నెల కడుపుతో, బిత్తరపోయి చూసింది. ఖుర్షిదా ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. కోడలి రెక్క పట్టుకుని లేపి ఇంటిదారి పట్టింది. ఆవిడ వెనకే ముఠా ఆడవాళ్ళంతా ఒళ్ళో పత్తి అక్కడే దులిపేసి నడిచారు.

ఆ తర్వాత జమ్మిగుంటపాలెంలో ఎవరి నోటికి తోచింది వాళ్ళు అన్నారు. కూలి పెంచమని ఎత్తు వేసిందని కొందరు, పొగరు తలకెక్కిందని కొందరు, పూనకం వచ్చిందని ఇంకొందరు. కొడుకు అయూబ్ అన్నం ముందు కూర్చుని, "అమ్మా, నాకైనా చెప్పవా?" అని అడిగాడు. "చెప్పాల్సినోళ్ళకి చెబుతా. నువ్వు తిను," అంది ఖుర్షిదా.

పొగరు సంగతి అబద్ధం కాదు. ఆవిడకి పొగరుంది. మేస్త్రి అంటే మీసం ఉండాలనుకునే ఊళ్ళో, దూదేకుల బజారు ఆడవాళ్ళందరికీ ఆవిడే మేస్త్రి. గట్టు మీద నిలబడి పిలిచిందంటే మూడు చేల అవతల ఉన్నవాళ్ళు కూడా తలెత్తాల్సిందే. తండ్రి బుడాన్ విల్లు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి దూది ఏకేవాడు. మరలు వచ్చాక ఆ విల్లు అటకెక్కింది, బజారు మొత్తం పొలాలకి దిగింది. పని పోయింది గానీ ఆ చేతివాటం పోలేదు. ఆవిడ ముఠా తీసిన పత్తిలో ఆకు నలుసు దొరికిందని గుంటూరు యార్డులో ఒక్కడూ అనలేదు. తలెత్తుకు తిరగడానికి ఒక మనిషికి ఇంకేం కావాలి?

ఇక అసలు సంగతికి వద్దాం. నిన్న పొద్దున గురవమ్మ నుంచి కబురొచ్చింది. దొడ్డివైపు రమ్మంది.

దొడ్డివైపు అంటే కూలీలు కూలి తీసుకునే వైపు. ఖుర్షిదా ఆ కబురు విని నవ్వింది. పెట్టెలోంచి నెమలికంఠం రంగు చీర తీసి కట్టుకుంది. నగ్మాకి జడ వేసి, పెళ్ళినాటి పచ్చ చీర కట్టించింది. అత్తాకోడళ్ళిద్దరూ బజారు మధ్యలో నుంచి నడిచి వెళ్ళి, ఊరి చివర గురవమ్మ ఇంటి ముందు గేటు తీశారు.

గురవమ్మ వసారాలో కుర్చీలో కూర్చుని ఉంది. భర్త పోయినప్పటి నుంచీ ఇంటి వెనక పొలమంతా ఆవిడే చేయిస్తోంది. కొడుకు లక్ష్మీకాంత్ గుంటూరులో మిర్చి వ్యాపారం చేస్తూ ఆదివారాలు వచ్చిపోతుంటాడు. ఆవిడ పక్కనే ఆర్‌ఎంపీ డాక్టరు జయరావు ఉన్నాడు. బీపీ చూడటం ఎప్పుడో అయిపోయింది. కాఫీ కోసం కూర్చున్నాడు.

"ఏమే, ముందు గుమ్మంలోంచి వచ్చావు?" అంది గురవమ్మ.

"కూలి కోసం రాలేదు గదక్కా. మాట్టాడటానికి వచ్చా. మాట్టాడటానికి వచ్చేవాళ్ళు ముందువైపునే వస్తారు."

ఇద్దరిదీ ఒకే ఈడు. చిన్నప్పుడు ఇదే వసారాలో బుడాన్ దూది ఏకుతుంటే ఎగిరిన దూదిపింజల్ని పోటీపడి పట్టుకున్నవాళ్ళు. అందుకే అక్కా అనే పిలుపు అలాగే ఉండిపోయింది. ఆ పిలుపు విని గురవమ్మ కోపం ఒక మెట్టు దిగాల్సింది. దిగలేదు.

"మాట్టాడు మరి. నడి చేలో నా మందు పారబోసి, ముఠాని లేపుకుపోయి, ఇప్పటికి తీరిక దొరికిందా నీకు? ఒకపక్క పురుగు తినేస్తంది. ఇంకోపక్క పగిలిన పత్తి చెట్టు మీదే ఉంది. ఒక్క వాన పడితే నా గతేంటి? నువ్వు రాకపోతే నా చేను ఆగిద్దనుకున్నావా? కనిగిరి అవతల నించి మెట్ట ఊళ్ళ కూలోళ్ళని దింపా. తెల్లారేసరికల్లా చేలోకి దిగారు. నోరెత్తటం తెలీని మనుషులు."

"నోరెత్తటం తెలీక కాదక్కా. ఊరుగాని ఊరు వచ్చారు, ఎత్తలేరు," అంది ఖుర్షిదా. "నేను ఎత్తగలను. అందుకే వచ్చా. నగ్మాని నువ్వు డ్రమ్ము దగ్గర కూర్చోబెట్టావు."

"కూర్చోబెట్టా! చూలింతని ఎండలో వంగోబెట్టమంటావా?" గురవమ్మ గొంతు లేచింది. "కడుపుతో ఉన్నదాన్ని పన్లోకే రావద్దంటారు ఈ ఊళ్ళో రైతులు. నేను అట్టా అన్నానా? కూలి తగ్గించకుండా, చెట్టు నీడన కూర్చోబెట్టి, సుళువు పని ఇచ్చా. నన్ను చూసి ఇంకో నలుగురు రైతులు నేర్చుకున్నారు. దానికి నువ్వు నాకు చేసిన మర్యాదా ఇది?"

ఇక్కడ గురవమ్మ తరఫున ఒక మాట చెప్పకపోతే నాకు పాపం చుట్టుకుంటుంది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఆ పద్ధతి పెట్టింది ఆవిడే. చూలింతలు వంగి పత్తి తీయలేక నడుం పట్టుకుని నిలబడితే చూడలేక పెట్టింది. చెట్టు కింద కూర్చోవడం, మందు కొలిచి నీళ్ళలో కలపడం, మగాళ్ళు వస్తే మగ్గుతో పంపులు నింపడం. అంతే పని. దూదేకుల బజారులో ఎవరికి నెల తప్పినా ఆ ఆడది ముందుగా అనుకునే మాట ఒకటే, ఇంక డ్రమ్ము దగ్గర సుళువు పని దొరుకుతుందని. గురవమ్మ మంచితనం గురించి చెప్పుకోవాల్సి వస్తే ఆ బజారు ఆడవాళ్ళు మొదట చెప్పేది ఇదే.

"నువ్వు జాలిపడే చేశావు. కాదన్లేదు," అంది ఖుర్షిదా. "అది మేలని మేమూ అనుకున్నాం. పోయినేడు నగ్మాకి తొలిచూలు. ఇదే డ్రమ్ము దగ్గర కూర్చుంది. నెలలు నిండకుండానే బిడ్డ పుట్టాడు. ఏడవలేదు. ఆ ముందేడు రంజాన్ పెళ్ళాం జానీబీకీ అంతే. దానికంటే ముందు..."

జయరావు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. మధ్యలో దూరకుండా ఉండలేని మనిషి.

"ఖుర్షిదమ్మా, నేను ఎప్పటి నించో చెబుతూనే ఉన్నా గదా. మీ వాళ్ళలో మేనరికాలు ఎక్కువ. రక్తం పలచన. బిడ్డలు నిలవరు. దానికి అమ్మగారి డ్రమ్మేం చేసింది చెప్పు?"

ఖుర్షిదాకి ఒళ్ళు భగ్గున మండింది. ఈ మాట ఆవిడకి కొత్త కాదు. పోయినేడు నగ్మాను ఆసుపత్రికి తీసుకెళితే, బిడ్డని పాత గుడ్డలో చుట్టి చేతికిస్తూ ఒక నర్సు ఏమన్నదో ఆవిడ చచ్చినా మర్చిపోలేదు. "మీ బజారోళ్ళకి ఇది మామూలేగా, తీసుకెళ్ళండి," అంది ఆ నర్సు. తిట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. పక్క మంచం మీద పెద్దింటి పిల్లకి కాస్త జ్వరం వస్తే డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. వీళ్ళ బిడ్డ పోతే మామూలు! ఆ మామూలు అనే మాట ఏడాది నుంచీ ఆవిడ గొంతులో అడ్డం పడే ఉంది.

"జయరావుగారూ," అంది నెమ్మదిగా, "గురవక్క కోడలు శ్రీదివ్యమ్మ ఎవరి కూతురండీ?"

జయరావు గురవమ్మ వంక చూశాడు.

"నేనే చెబుతా. గురవక్క సొంత తమ్ముడి కూతురు. మరి అది మేనరికం కాదా? మీ ఇళ్ళల్లో చేసుకుంటే ఆస్తి బయటికి పోకుండా ఉండటం, మా ఇళ్ళల్లో చేసుకుంటే రక్తం పలచనా? ఏం చూసి చెప్పారు ఆ మాట? ఎవరి రక్తం తీసి చూశారు?"

జయరావుకి మిగిలిన కాఫీ తాగే ధైర్యం కూడా లేకపోయింది.

"నా రక్తం సంగతి నేను చెబుతా వినండి. మా చెల్లెలు జైతున్‌బీ వాడరేవులో ఉంటది. ఒక్క తల్లి పాలే తాగాం. ఒకే ఇంటి అన్నదమ్ముల్ని, మా మేనత్త కొడుకుల్నే చేసుకున్నాం. చేపలు ఎండబెట్టి అమ్ముకుంటది. నాకన్నా లేనిది. దాని పిల్లల్ని చూడండి, ఇసకలో పడి దొర్లుతుంటారు, ఒక్కడికి తుమ్ము రాదు. దాని ఇద్దరు కోడళ్ళూ మేనరికమే, కాన్పులు మంచిగా అయినై. మొన్న నన్ను చూడటానికి వచ్చింది. పొద్దుగూకే వేళకి నగ్మా చేలోనించి వచ్చి దాని పక్కన కూర్చోబోయింది. అది ముక్కు మూసుకుని, 'ఏందే ఈ కంపు, చూలింత ఒంటి మీద?' అంది."

ఖుర్షిదా నగ్మా చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"మాకు ఆ కంపు తెలియటం మానేసి ఎన్నేళ్ళయిందో అక్కా! అది అడిగినాక నాకు వాసనొచ్చింది. నగ్మా జుట్టులో, చీరలో, అది అన్నం కలుపుకునే చేతిలో. అదే రక్తం, అదే మేనరికం, అదే లేమి. వాడరేవులో లేంది, ఇక్కడ ఉన్నది ఏంటా అని ఆలోచించా. బజారులో బిడ్డలు పోయిన తల్లుల్ని ఒక్కొక్కళ్ళనే మనసులోకి తెచ్చుకున్నా. డ్రమ్ము దగ్గర కూర్చున్నా బిడ్డ దక్కినోళ్ళు ఉన్నారు, లేరనను. కానీ పోగొట్టుకున్నోళ్ళలో ఆ డ్రమ్ము దగ్గర కూర్చోకుండా ఉన్న ఆడది ఒక్కతి లేదు. తెల్లారి లేచి చేలోకొచ్చి తోసేశా. అప్పుడు నోరు తెరిస్తే ఏడుపొచ్చేది. మీ మగాళ్ళ ముందు ఏడవటం ఇష్టం లేక నోరు తెరవలా."

గురవమ్మ ముఖం ఎర్రబడింది. మనసులో ఏదో గుచ్చుకుంది, అదేంటో ఆవిడకి ఇంకా అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఎవరైనా ఏం చేస్తారో అదే చేసింది. అరిచింది.

"అంటే ఏందే? నీ మనవణ్ణి నేను చంపానంటావా? చూలింతని ఎట్టా చూసుకోవాలో నువ్వు చెబితే నేను నేర్చుకోవాలా? నా కోడలికి నెల తప్పిందని తెలిసిన రోజే, దాని గది పక్క కొట్లో ఉన్న మందు డబ్బాలన్నీ బయటికి తీయించా! అన్నీ గొడ్ల చావిట్లోకి మార్పించి, కొట్టు రెండుసార్లు కడిగించి, నేనే దగ్గరుండి..."

అక్కడ ఆగిపోయింది.

ఎవరూ ఆపలేదు. తన మాట తన చెవిన పడి తనే ఆగింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. చేత్తో చూపిస్తున్న గొడ్ల చావిడి వంక తనే తిరిగి చూసుకుంది. అక్కడ గోడవారగా మందు డబ్బాలు పేర్చి ఉన్నాయి. పొద్దున పూట ఆ డబ్బాల్ని చావిట్లోంచి వేపచెట్టు దగ్గరికి మోసుకెళ్ళే మనిషి, పచ్చ చీర కట్టుకుని ఆవిడ ఎదురుగానే నిలబడి ఉంది.

"ఎందుకు మార్పించావక్కా?" అని అడిగింది ఖుర్షిదా. అరవలేదు. ఆ మాట అరిచి అడగాల్సిన అవసరం లేదు.

జవాబు గుమ్మంలోంచి వచ్చింది. శ్రీదివ్య ఎప్పటి నుంచో తలుపు వారన నిలబడి వింటోంది. ఆ పిల్లకీ ఆరో నెలే.

"గుంటూరు డాక్టరమ్మ చెప్పిందత్తా," అంది. ఖుర్షిదాను ఆ పిల్ల అత్తా అనే పిలుస్తుంది. "మొదటిసారి చూపించుకోవటానికి వెళ్ళినప్పుడు, ఇంట్లో వ్యవసాయం ఉందా అని అడిగింది. ఉందంటే, పురుగుమందు ఛాయలకి పోవద్దంది. మందు కొట్టిన చేలోకి వెళ్ళొద్దు, ఆ బట్టలు ముట్టుకోవద్దు, డబ్బాలున్న చోట పడుకోవద్దు అంది. ఏ బిడ్డకి ఎంత చెడు చేస్తుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు గానీ, కడుపుతో ఉన్నవాళ్ళు దూరంగా ఉండి తీరాలంది. అత్తయ్య ఇంటికి వస్తూనే డబ్బాలు తీయించేసింది."

"మూత బిగించిన డబ్బాలు," అంది ఖుర్షిదా. "గోడ అవతల, తాళమేసిన కొట్లో ఉన్న డబ్బాలు. వాటికే నీకు గుండె ఆగినంత పనైంది. నా కోడలు ఆ మూత తీసి, కొలిచి, కలిపి, మోచేతి దాకా ముంచి పోసిందక్కా. ఇద్దరికీ ఒకే నెల. నీ కోడలి కడుపుకి గోడ సరిపోలేదు. నా కోడలి కడుపుకి చెట్టు నీడ సరిపోయిందా?"

"నాకు తోచలేదే," అంది గురవమ్మ. గొంతు ఎక్కడో లోపలి నుంచి వచ్చింది. "నీ మీద ఒట్టు ఖుర్షిదా. ఆ ఆలోచనే రాలేదు."

ఆ మాటా నిజమే. అదే కదా అసలు ఘోరం. ద్వేషం ఉంటే ద్వేషం అనేవాళ్ళం, పిసినారితనం ఉంటే అదీ అనేవాళ్ళం. గురవమ్మలో ఆ రెండూ లేవు. డబ్బాలు మార్పించిన చేతులతోనే నగ్మాకి మజ్జిగ పంపింది. డాక్టరమ్మ మాట ఇంటి గేటు లోపల ఉన్నవాళ్ళకేనని ఎవరూ చెప్పకుండానే అనుకుంది. గేటు బయట ఉన్న కడుపులకి వేరే లెక్క, వేరే రాత. వాళ్ళకి పోవడం మామూలు. ఊరు ఊరంతా అనుకుంటున్నదే ఆవిడా అనుకుంది, అంతే.

ఖుర్షిదా నగ్మాను తన పక్కకి తీసుకుని, భుజం మీద చెయ్యి వేసింది.

"అక్కా, నీ పెళ్ళి పరుపు కుట్టింది మా నాన్న. లక్ష్మీకాంత్ బాబు పుట్టినప్పుడు పొత్తిళ్ళలోకి బొంత కుట్టింది మా అమ్మ. మా నాన్న ఏకిన దూది మీద పడుకోకుండా పెరిగిన బిడ్డ ఈ ఊళ్ళో ఏ ఇంట్లోనూ లేదు. మీ బిడ్డల వీపుకి చిన్న గింజ కూడా గుచ్చుకోకూడదని ఒకటికి పదిసార్లు ఏకిన మనుషులం మేం. ఆ చేతులకి పుట్టిన దాన్ని నేను. మా బిడ్డలు పోతే మామూలే అనే మాట ఇంక ఎవరూ అనకూడదు. నాకు నీ జాలి వద్దు. చూలింతకి పని ఇస్తే మందుకి ఆమడ దూరంలో ఇవ్వు. గింజలు ఏరమను, సంచులు కుట్టమను, ఏదైనా చేస్తాం. దివ్యమ్మకి డాక్టరమ్మ ఏం చెప్పిందో అది మా వాళ్ళకీ చెప్పించు. ఒప్పుకుంటే రేపే నా ముఠా నీ చేలో ఉంటది. ఒప్పుకోకపోతే మా పస్తులు మేం పడతాం. నీ డ్రమ్ము దగ్గరికి మాత్రం మా పిల్ల ఒక్కతి రాదు."

పస్తులు అనే మాట ఊరికే అన్నది కాదు. పత్తి తీతల రోజులు పోతే ఆ బజారులో పొయ్యిలు ఎలా వెలుగుతాయో ఆవిడకి తెలుసు. తెలిసే తలెత్తి నిలబడింది.

శ్రీదివ్య గడప దాటి వసారాలోకి వచ్చింది. అత్తగారి వంక చూడకుండానే అంది. "ఎల్లుండి నా పరీక్ష. ఆయన గుంటూరు నించి ముందే పంపిన కారు వాకిట్లోనే ఉంది. నగ్మా నాతో వస్తుంది. డాక్టరమ్మకి నేనే చూపిస్తాను."

ఇంక అందరూ ఊపిరి పీల్చుకోవాల్సిన చోట, నగ్మా నోరు విప్పింది. నోట్లో నాలుక లేని పిల్లని బజారంతా అనుకునే నగ్మా. బిడ్డ పోయినప్పుడు కూడా చప్పుడు లేకుండా ఏడ్చిన నగ్మా.

"నేనొక్కదాన్నే రానక్కా," అంది శ్రీదివ్యతో. "జానీబీ కూడా ఒట్టిమనిషి కాదు. ఆమెకీ చోటుంటేనే వస్తా. నేనొక్కదాన్నే ఎక్కి కూర్చుంటే, ఆమెకీ నాకూ మధ్య మళ్ళీ ఇదే గేటు పడిద్ది."

ఖుర్షిదా కోడలి ముఖంలోకి చూసింది. ఆ పిల్ల కళ్ళు దించలేదు. ఆవిడకి గుండె నిండిపోయింది. తన గొంతు తన తర్వాత ఈ బజారులో ఎవరికి వస్తుందా అని ఇన్నాళ్ళూ బెంగపడింది. ఇంట్లోనే ఉందని తెలియలేదు.

"ముగ్గురం వెళదాం," అంది శ్రీదివ్య.

అప్పుడు గురవమ్మ కుర్చీలోంచి లేచింది. సంధి మాట చెబుతుందని అందరూ అనుకున్నారు. ఆవిడ ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంది.

"ఖుర్షిదా," అంది. "ఆ మెట్టోళ్ళల్లో..."

"ఏమైందక్కా?"

"పొద్దున బండి దిగేటప్పుడు చూశా. ఒక పిల్ల నడుం పట్టుకుని దిగింది. నిండు చూలాలు. ఎండలో ఎట్టా వంగిద్దిలే అని... నేనే... సుళువు పని ఇవ్వమన్నా."

ఖుర్షిదా గిరుక్కున తిరిగి వసారా మెట్లు దిగింది. ఇల్లు చుట్టి, దొడ్డి దాటి, చావిడి పక్క నుంచి పొలంలోకి పడింది. నెమలికంఠం చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుంది. ఆవిడ వెనకే గురవమ్మ, చెప్పులు కూడా లేకుండా, బీపీ మనిషినన్న సంగతి మర్చిపోయి, నల్లరేగడి గడ్డల మీద తడబడుతూ పరుగెత్తింది. చేలో పత్తి తీస్తున్న మెట్ట ఆడవాళ్ళు నడుం ఎత్తి చూశారు.

వేపచెట్టు కింద మళ్ళీ అదే డ్రమ్ము నిలబడి ఉంది. పక్కన రాయి మీద ఒక పిల్ల కూర్చుని కర్రతో మందు కలుపుతోంది. నగ్మా కన్నా చిన్నది. పొట్ట అడ్డం వస్తుంటే ఒక పక్కకి ఒరిగి కలుపుతోంది. వస్తున్నవాళ్ళని చూసి, పని సరిగా చేయలేదేమోనని బెదిరి లేవబోయింది.

ఖుర్షిదా ఆ పిల్ల చేతిలో కర్ర లాక్కుంది. రెండు చేతులూ పట్టి లేపి, గాలికి ఎదురువైపు, చెట్టుకి దూరంగా నడిపించి గట్టు మీద కూర్చోబెట్టింది. బిందెలో మంచినీళ్ళు తెచ్చి మోచేతుల దాకా కడిగింది.

"నా తప్పేందమ్మా?" అంది ఆ పిల్ల ఏడుపు గొంతుతో. "బాగానే కలుపుతుండానే. పని తీసెయ్యబాకమ్మా."

"పని ఎక్కడికీ పోదు. కూలి కూడా పోదు," అంది గురవమ్మ, రొప్పుతూ.

పంపు నింపుకోవడానికి వచ్చిన మగాడు డ్రమ్ము ముందు నిలబడి, ఎవరు పోస్తారా అని చూస్తున్నాడు. గురవమ్మ ఒక్కసారి వాడి వంక, డ్రమ్ము వంక చూసింది. కొంగు నడుముకి బిగించి, ఆ పిల్ల లేచిన రాయి మీద కూర్చుంది. పొలం యజమానురాలు, ఊళ్ళో పది మందికి తీర్పు చెప్పే మనిషి, మందు కర్ర చేతిలోకి తీసుకుంది.

"మీరేంటమ్మగారూ?" అన్నాడు వాడు కంగారుగా.

"నాకింక కనే వయసు లేదురా," అంది. "ఈ చేలో ఈ పని ఇవాళ్టి నించి నాది. నాకు ఓపిక లేకపోతే మీ మగాళ్ళు చేసుకోండి. కడుపుతో ఉన్నది ఈ చెట్టు నీడ కూడా తొక్కటానికి వీల్లేదు."

ఖుర్షిదా వాడి భుజం మీద తువ్వాలు లాగి, గురవమ్మ ముక్కూ నోరూ కప్పుతూ వెనక గట్టిగా ముడి వేసింది. ముడి వేస్తున్నప్పుడు గురవమ్మ కళ్ళు తడిగా ఉండటం చూసింది, చూడనట్టు ఊరుకుంది. ఆ నిమిషంలో ఆ ఇద్దరిలో ఎవరు ఎక్కువ గొప్పగా కనిపించారో నేను చెప్పలేను.

తర్వాత ఖుర్షిదా గట్టు మీద పిల్ల దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చుంది.

"నీ పేరేంటమ్మా?"

"వెంగమ్మ."

"ఎన్నో నెల?"

"ఎనిమిది పడింది."

"ఇవాళ ఒక్క పూటేగా చేశావు. ఏం కాదులే. భయపడమాకు," అంది ఖుర్షిదా ఆ పిల్ల వీపు నిమురుతూ.

వెంగమ్మకి ఆ నిమిరే చేతి మీద నమ్మకం కుదిరింది. సన్నగా నవ్వింది.

"భయమెందుకమ్మా, నాకు అలవాటే. సీజను మొదలైన కాడ్నించీ ఇదే పని. ముందు చేసిన ఊళ్ళో కూడా నాకు సుళువు పనే ఇచ్చినారు. మంచోళ్ళు."

వీపు నిమురుతున్న చెయ్యి ఆగిపోయింది. ఖుర్షిదా ఆ చేతినే తీసి వెంగమ్మ పొట్ట మీద పెట్టింది. చాలాసేపు అలాగే ఉంచింది. పోయినేడు నగ్మా పొట్ట మీద పెట్టినప్పుడు అరచేతికి ఏం తెలిసిందో ఆవిడకి గుర్తుంది.

"వెంగమ్మా," అంది, గొంతు మామూలుగా ఉంచుకోవడానికి తంటాలు పడుతూ, "బిడ్డ కదులుతోందా?"

"నిన్నటిదాకా బాగానే కదిలిందమ్మా," అంది ఆ పిల్ల.

డ్రమ్ములో తిరుగుతున్న గురవమ్మ కర్ర ఆగిపోయింది. ఖుర్షిదా గట్టు మీద నిటారుగా లేచి నిలబడింది. ఇంటి వంక తిరిగి, ముఠాను పిలిచే ఆ గొంతుతో, మూడు చేల అవతలికి వినిపించే ఆ గొంతుతో కేకేసింది.

"దివ్యమ్మా! ఎల్లుండి కాదు, ఇప్పుడే! కారు తీయించు!"